ఫ్లాపీలోని ఫైలు లినక్స్‌లో కనబడాలంటే: డ్రైవు మొదలుకొని అక్షరం దాకా

ప్రభుత్వానికి ఇచ్చే సమాచారాన్ని ఫ్లాపీల వంటి పాత సాధనాల మీద సమర్పించాలని కోరే నిబంధనలను జపాన్ 2024 జూన్ నెలాఖరుకు వెయ్యికి పైగా రద్దు చేసింది. వాహనాల రీసైక్లింగుకు సంబంధించిన ఒక్కటి మాత్రం అప్పటికి మిగిలింది. మరుసటి ఏడాది అమెరికాలో ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ తాత్కాలిక అధిపతి, విమానాల రాకపోకలను నియంత్రించే వ్యవస్థలో ఇక ఫ్లాపీలు ఉండవని చట్టసభ కమిటీ ముందు చెప్పారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలోనూ అటక మీది అట్టపెట్టె ఒకటి గుర్తుకొస్తుంది. డీటీపీ పని చేసినవారి దగ్గర, ఆ రోజుల్లో పరిశోధన చేసినవారి దగ్గర, ఊరి సంఘాలకు సావనీరు వేయించినవారి దగ్గర అలాంటి పెట్టెలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి కాగితం మీద కూడా మరో ప్రతి లేదు.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు ఒకటి కొని, లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న లాప్‌టాప్‌కు తగిలించి, డిస్కు లోపలికి తోస్తే చాలాసార్లు తెర మీద ఏమీ జరగదు. సలహా కోసం వెతికితే ఒకరు డిస్కు పేరు ఎఫ్‌డి0 అంటారు, ఇంకొకరు ఎస్‌డిబి అంటారు. ఒకరు మౌంట్ చెయ్యమంటారు, మరొకరు మౌంట్ అవసరమే లేదంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో పొరకు చెందిన మాట, అంతే. డ్రైవు, దాన్ని నడిపే కెర్నల్ (లినక్స్‌లో యంత్రభాగాలను నడిపే మూల ప్రోగ్రాము) భాగం, డిస్కు మీది ఫైల్‌సిస్టమ్, ఫైలు లోపలి అక్షరాల సంకేతం అనే ఈ పొరలను విడదీసి చూస్తే, ఏ చిక్కు ఏ పొరలో పడిందో చెప్పవచ్చు. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను. కంప్యూటరులో అవి చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి.

1.44 అనే అంకె వెనుక లెక్క

మూడున్నర అంగుళాల ఫ్లాపీని చేతిలోకి తీసుకుని లోహపు మూతను గోటితో పక్కకు జరిపితే, లోపల గోధుమరంగు పలుచని పొర కనిపిస్తుంది. అయస్కాంత పూత పూసిన ఆ పొరే అసలు డిస్కు. దాన్ని వేలితో తాకకూడదు. దానికి రెండు ముఖాలు, ఒక్కో ముఖం మీద 80 వలయాలు, ఒక్కో వలయంలో 18 గడులు, ఒక్కో గడిలో 512 బైట్లు ఉంటాయి. వలయాన్ని ట్రాక్ అనీ, గడిని సెక్టర్ అనీ అంటారు. ఇవన్నీ గుణిస్తే 2,880 సెక్టర్లు, 14,74,560 బైట్లు వస్తాయి. దీన్ని 1,024తో భాగిస్తే 1,440 కిలోబైట్లు. ఆ 1,440ని మళ్లీ 1,000తో భాగించి 1.44 మెగాబైట్లు అన్నారు. ఒకసారి 1,024తో, ఇంకోసారి 1,000తో భాగించారు కాబట్టి ఈ అంకె రెండు కొలమానాల్లో ఏ ఒక్కదానికీ సరిగ్గా సరిపోదు.

డిస్కు మీది మూలల్లో ఒకదాని దగ్గర జరిగే చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. రంధ్రం తెరుచుకునేలా ఆ మీటను జరిపితే డిస్కు మీద రాయడం కుదరదు, చదవడం మాత్రమే కుదురుతుంది. అంతకు ముందుతరం అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలో పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ అంచున గాడి ఉంటుంది, దాని మీద చీటీ అంటించి మూస్తేనే రాతకు అడ్డు పడుతుంది. రెండు రకాలూ కలిసిన పెట్టె చేతికొచ్చినప్పుడు ఈ తేడా మరిచిపోతే, కాపాడాలనుకున్న డిస్కునే రాతకు తెరిచిపెట్టినట్టవుతుంది.

డాస్, విండోస్ వాడినవారి ఫ్లాపీల మీద దాదాపు ఎప్పుడూ ఉండేది ఫ్యాట్12 అనే ఫైల్‌సిస్టమ్. ఫైల్‌సిస్టమ్ అంటే ఏ ఫైలు ఏయే సెక్టర్లలో ఉందో చెప్పే లెక్కల పుస్తకం. 1.44 డిస్కులో మొదటి సెక్టరు బూట్ సెక్టరు. ఆ తర్వాత ఫ్యాట్ పట్టిక 9 సెక్టర్లు, దాని నకలు మరో 9 సెక్టర్లు, ఆపైన ఫైళ్ల పేర్లు ఉండే రూట్ డైరెక్టరీ 14 సెక్టర్లు. మొత్తం 33 సెక్టర్లు లెక్కలకే పోతాయి. మిగిలిన 2,847 సెక్టర్లలో, అంటే 14,57,664 బైట్లలో ఫైళ్లు ఉంటాయి. ఖాళీ ఫ్లాపీని ఫార్మాట్ చేసినప్పుడు డాస్ చూపించిన అంకె ఇదే. రూట్ డైరెక్టరీలో 224 పేర్లకే చోటుంది. డిస్కులో ఖాళీ ఎంత ఉన్నా 225వ పేరును అక్కడ చేర్చడం కుదరదు.

ఈ అమరికలో ఒక అపాయం ఉంది. ఒక వలయం రెండు ముఖాలూ కలిపితే 36 సెక్టర్లు. లెక్కలకు చెందిన 33 సెక్టర్లూ ఆ తొలి 36లోనే, డిస్కు బయటి అంచున ఉన్న మొదటి వలయం మీదే ఇమిడి ఉంటాయి. అక్కడ బూజు పట్టినా గీత పడినా, లోపల ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ డిస్కు మొత్తం ఖాళీదనో, పనికిరానిదనో కనబడుతుంది.

ఒకే డిస్కుకు రెండు పేర్లు ఎందుకు

లినక్స్‌లో ప్రతి పరికరానికీ డెవ్ అనే డైరెక్టరీలో ఒక ఫైలు లాంటి పేరు ఉంటుంది. ఆ పేరు మీద చదివితే పరికరం నుంచి చదివినట్టు, రాస్తే పరికరం మీద రాసినట్టు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ పేరు డిస్కును బట్టి కాక, డ్రైవు ఏ దారిన కంప్యూటరుకు కలిసిందన్నదాన్ని బట్టి వస్తుంది.

పాత డెస్క్‌టాప్‌లలో ఫ్లాపీ డ్రైవు 34 పిన్నుల పట్టీ కేబుల్‌తో మదర్‌బోర్డు మీది ఫ్లాపీ కంట్రోలరుకు కలిసేది. ఆ కంట్రోలరును నడిపేది కెర్నల్‌లోని ఫ్లాపీ అనే మాడ్యూలు, అంటే అవసరాన్ని బట్టి కెర్నల్‌కు చేర్చుకునే ముక్క. దాని ద్వారా వచ్చే మొదటి డ్రైవు పేరు ఎఫ్‌డి0, రెండోదాని పేరు ఎఫ్‌డి1. యూఎస్‌బీ డ్రైవు కథ వేరు. దాని కంట్రోలరు ఆ పెట్టెలోనే ఉంటుంది. కెర్నల్ దృష్టిలో అది పెన్‌డ్రైవుకు దగ్గరి చుట్టం కాబట్టి, దాన్ని నడిపేది యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూలు. పేరు ఎస్‌డిఏ, ఎస్‌డిబి, ఎస్‌డిసి వరసలో ఏది ఖాళీగా ఉంటే అది వస్తుంది. యూఎస్‌బీ డ్రైవు కొన్నవారు ఎఫ్‌డి0 కోసం వెతకడం, దొరక్క ఫ్లాపీ మాడ్యూలును చేత్తో ఎక్కించడం తరచుగా జరిగే పొరపాటు. ఆ మాడ్యూలుకూ యూఎస్‌బీ డ్రైవుకూ సంబంధమే లేదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే ఆదేశం ఇచ్చి 1.4 మెగాబైట్ల పరిమాణం ఉన్న వరసను చూస్తే, ఆ క్షణంలో డ్రైవుకు ఏ పేరు వచ్చిందో తెలిసిపోతుంది.

పెన్‌డ్రైవు అలవాటు మరో పొరపాటుకు దారి తీస్తుంది. పెన్‌డ్రైవును సాధారణంగా భాగాలుగా విభజించి ఉంచుతారు కాబట్టి, మౌంట్ చేసేటప్పుడు ఎస్‌డిబి1 అని చివర 1 చేర్చడం అలవాటైపోయింది. ఫ్లాపీకి అలాంటి విభజన పట్టిక ఉండదు, డిస్కు మొత్తం ఒకే ముక్క. అందువల్ల ఎస్‌డిబి అన్నదే పేరు. చివర 1 చేరిస్తే అలాంటి పరికరం లేదన్న జవాబు వస్తుంది.

మదర్‌బోర్డు దారికీ తన ఇబ్బందులు ఉన్నాయి. చాలా పంపిణీలు (డెబియన్ వంటి లినక్స్ రూపాలు) ఇప్పుడు ఫ్లాపీ మాడ్యూలును వాటంతట అవి ఎక్కించవు, మోడ్‌ప్రోబ్ అనే ఆదేశంతో మనమే ఎక్కించాలి. దీనికి వ్యతిరేకమైన సందర్భమూ ఉంది. యంత్రంలో డ్రైవు లేకపోయినా బయోస్‌లో (కంప్యూటరును మొదలుపెట్టే ప్రాథమిక ప్రోగ్రాములో) ఉన్నట్టు నమోదై ఉంటే, కెర్నల్ లేని డ్రైవును పలకరిస్తూ ఎఫ్‌డి0, సెక్టర్ 0, చదవడంలో లోపం అని చిట్టాలో రాస్తూ ఉంటుంది. వర్చువల్ యంత్రాలు (కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే నకిలీ కంప్యూటర్లు) వాడేవారికి ఈ వరస బాగా తెలుసు. అది డిస్కు పాడైన సూచన కాదు. బయోస్‌లో ఆ నమోదు తీసేస్తే ఆగిపోతుంది.

పేర్లలోనే ఇంకో ఉచ్చు ఉంది. డెవ్ డైరెక్టరీలో ఎఫ్‌డి అని అంకె లేని పేరు ఒకటి కనబడుతుంది. దానికీ ఫ్లాపీకీ పోలిక అక్షరాల్లోనే. అది నడుస్తున్న ప్రోగ్రాము తెరిచి ఉంచిన ఫైళ్ల సంఖ్యలకు దారి. దాని లోపలి 0 అంటే ఆ ప్రోగ్రాముకు వచ్చే ఇన్‌పుట్. మధ్యలో ఒక్క గీత ఎక్కువ టైపు చేస్తే ఫ్లాపీకి బదులు కీబోర్డు నుంచి చదవడానికి ఎదురుచూస్తూ ప్రోగ్రాము కదలకుండా నిలబడిపోతుంది.

మౌంట్ అంటే ఏం జరుగుతుంది, బటన్ నొక్కితే ఏం పోతుంది

డాస్‌లో ప్రతి డ్రైవుకూ ఒక అక్షరం ఉండేది, ఫ్లాపీ అంటే ఏ. లినక్స్‌లో ఫైళ్లన్నీ ఒకే చెట్టు. కొత్త డిస్కును ఆ చెట్టులోని ఒక ఖాళీ డైరెక్టరీకి అంటుకట్టడాన్నే మౌంట్ అంటారు. అంటుకట్టాక ఆ డైరెక్టరీలోకి వెళ్తే ఫ్లాపీలోని ఫైళ్లు కనబడతాయి. విడదీయడానికి యుమౌంట్ అనే ఆదేశం ఉంది. డెబియన్ వంటి పంపిణీల్లో మీడియా డైరెక్టరీ కింద ఫ్లాపీ0 అనే పేరుతో ఒక చోటు, ఫ్లాపీ అనే పేరుతోనే ఒక వాడకందారుల గుంపు ఏర్పాటు చేసే సంప్రదాయం ఉండేది. గుంపులో లేనివారికి డిస్కు ఉన్నా అనుమతి లేదన్న జవాబే వచ్చేది.

విడదీయడం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. ఒక్క చుట్టులో ఒక ముఖం మీద 18 సెక్టర్లు, అంటే 9,216 బైట్లు రీడింగ్ హెడ్ కింద నుంచి వెళ్తాయి. కాబట్టి అంతా సజావుగా సాగినా సెకనుకు 46,080 బైట్లకు మించి కదలవు. 300 కిలోబైట్ల ఫైలును కాపీ చేస్తే దాదాపు ఏడు సెకన్లు పట్టాలి. కానీ లినక్స్‌లో కాపీ ఆదేశం రెప్పపాటులో ముగిసి తరువాతి ఆదేశానికి సిద్ధమైపోతుంది, డ్రైవు మీది దీపం అప్పటికి వెలగకపోవచ్చు కూడా. ఫైలు ఇంకా కంప్యూటరు మెమరీలోనే ఉండడమే దీనికి కారణం. కెర్నల్ దాన్ని తీరిక చూసుకుని డిస్కుకు రాస్తుంది, మామూలు అమరికలో ఆ ఆలస్యం అర నిమిషం దాకా ఉండవచ్చు. ఈలోపు డిస్కు బయటకు తీస్తే ఫైలు సగమే చేరుతుంది, లేదా ఫైలు చేరినా లెక్కల పట్టిక చేరదు.

పాత మెకింతాష్‌లలో ఫ్లాపీ బయటకు తీయడానికి బటన్ ఉండేది కాదు, కంప్యూటరే మోటారుతో డిస్కును బయటకు నెట్టేది. తన పని ముగిశాకే అది నెట్టేది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. పీసీ డ్రైవుకు బటన్ మన చేతిలో ఉంది. అది నొక్కినట్టు కెర్నల్‌కు ఆ క్షణాన కబురు అందదు, మళ్లీ డ్రైవును తాకబోయినప్పుడే డిస్కు మారిందని తెలుస్తుంది. డిస్కు పెట్టగానే పెన్‌డ్రైవులా దానంతట అది తెరుచుకోకపోవడానికీ కారణం ఇదే, అది మన యంత్రంలోని లోపం కాదు. నేను దీపం ఆరిందన్న ఒక్క గుర్తును నమ్మి డిస్కు తీసేసి, అందులోని ఉత్తరాల ఫోల్డరును పోగొట్టుకున్నాను. దీపం ఆరడం అంటే ఆ క్షణానికి మోటారు ఆగిందనే, రాయవలసింది అయిపోయిందని కాదు. యుమౌంట్ ఆదేశం ముగిసి తరువాతి ఆదేశం కోసం తెర సిద్ధమైతేనే రాత పూర్తయినట్టు.

మౌంట్ చేసేటప్పుడే సింక్ అనే షరతు పెడితే ప్రతి రాతా వెంటనే డిస్కుకు వెళ్తుంది. భద్రత పెరుగుతుంది. దానికి బదులుగా లెక్కల పట్టిక ఉన్న అంచు వలయానికీ ఫైలు ఉన్న చోటికీ హెడ్ మాటిమాటికీ పరుగులు తీస్తుంది, పని బాగా నెమ్మదిస్తుంది.

మౌంట్ అవసరం లేని దారి

ఎమ్‌టూల్స్ అనే ఉపకరణాల సముదాయం ఇంకో పద్ధతిని ఎంచుకుంది. ఇందులో ఎమ్‌డిర్ ఫైళ్ల జాబితా చూపిస్తుంది, ఎమ్‌కాపీ కాపీ చేస్తుంది, ఎమ్‌డెల్ తుడిచేస్తుంది. డాస్ వాడినవారికి పరిచయమైన ఏ, కోలన్ అనే డ్రైవు పేరునే ఇక్కడా వాడవచ్చు. ఆ అక్షరం ఏ పరికరాన్ని సూచిస్తుందో ఒక అమరిక ఫైలులో రాసి ఉంటుంది. మామూలుగా అది ఎఫ్‌డి0 అయి ఉంటుంది కాబట్టి, యూఎస్‌బీ డ్రైవు వాడేవారు అక్కడ పేరు మార్చనిదే ఈ ఆదేశాలు పనిచెయ్యవు.

ఈ ఉపకరణాలు కెర్నల్‌లోని ఫైల్‌సిస్టమ్ భాగాన్ని వాడవు, ఫ్యాట్ పట్టికను తామే చదువుకుంటాయి. ప్రతి ఆదేశమూ డిస్కును తెరిచి, పని ముగించి, మూసేసి వెళ్తుంది. విడదీయడం మరిచిపోయే ప్రశ్నే రాదు. పరికరాన్ని చదివే అనుమతి ఉంటే చాలు, నిర్వాహకుడి అధికారం అక్కరలేదు. ఎమ్‌టూల్స్‌ను ఇష్టపడేవారు చెప్పే కారణాలు ఇవే, ఇవి బలమైనవే. మౌంట్‌ను ఇష్టపడేవారి వాదనా తీసిపారేయదగ్గది కాదు. మౌంట్ చేస్తే కంప్యూటరులోని ఏ ప్రోగ్రాముతోనైనా ఫైలును ఉన్నచోటే తెరవవచ్చు, వెతకవచ్చు, పోల్చవచ్చు. పైగా ఎమ్‌టూల్స్‌కు ఫ్యాట్ తప్ప ఇంకొకటి రాదు. నాలుగైదు ఫైళ్లు తెచ్చుకోవడానికి ఎమ్‌టూల్స్, తెలియని డిస్కును పరిశీలించడానికి చదవడానికి మాత్రమే అన్న షరతుతో మౌంట్ అనువైనవని నా అభిప్రాయం.

డిస్కు బాగుంది, ఫైల్‌సిస్టమ్ మాత్రం వేరు

మౌంట్ చెయ్యబోతే ఫైల్‌సిస్టమ్ రకం తప్పు, లేదా సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ వివరాలుండే చోటు) చెడింది అన్న సందేశం రావచ్చు. చాలామంది దీన్ని చూసి డిస్కు పోయిందనుకుంటారు. నిజానికి ఈ సందేశం వచ్చిందంటే డ్రైవు పనిచేస్తోంది, సెక్టర్లు చదవగలుగుతున్నాం, చదివినదాని పోలికే తెలియలేదని అర్థం. లోపల మీడియం లేదు అంటే డ్రైవుకు డిస్కు సరిగా అందలేదని. చదవడంలో లోపం అంటూ సెక్టర్ సంఖ్య వస్తే అయస్కాంత పూత దగ్గరే ఇబ్బంది ఉందని. ఈ మూడోది చెవికి కూడా తెలుస్తుంది. హెడ్ మొదటి వలయానికి వెనక్కి వెళ్లి, మళ్లీ అదే చోటుకు వచ్చి, టక్ టక్‌మని ఒకే లయలో ప్రయత్నిస్తూ ఉంటుంది. ఆ శబ్దం వినగానే ఆపేయడం మంచిది, ఎందుకంటే ఊడిపోతున్న పూత మీద ప్రతి ప్రయత్నమూ ఇంకాస్త గీకుతుంది.

ఫ్యాట్ కానివి ఏముంటాయి? తొలినాళ్ల లినక్స్ వాడినవారి డిస్కుల మీద మినిక్స్ ఫైల్‌సిస్టమ్ గానీ, ఎక్స్‌ట్2 గానీ ఉండవచ్చు. 1.44 మెకింతాష్ డిస్కు మీద హెచ్‌ఎఫ్‌ఎస్ ఉంటుంది, దాన్ని పీసీ డ్రైవుతో చదవవచ్చు. యునిక్స్ యంత్రాలు నడిపిన సంస్థల డిస్కుల్లో కొన్నిసార్లు ఫైల్‌సిస్టమే ఉండదు, టార్ అనే ఉపకరణంతో ఫైళ్ల మూటను మొదటి సెక్టరు నుంచి నేరుగా రాసేసేవారు. అలాంటి డిస్కును ఎన్నిసార్లు మౌంట్ చేయబోయినా లాభం లేదు, టార్‌కే పరికరం పేరు ఇస్తే మూట విప్పుతుంది. ఏది ఏమిటో ఊహించనక్కర లేకుండా, ఫైల్ అనే ఆదేశాన్ని పరికరం మీద ప్రయోగిస్తే మొదటి సెక్టర్లను చూసి పోలిక చెబుతుంది.

కొన్ని డిస్కుల విషయంలో మాత్రం ఏ ఆదేశమూ సాయపడదు. పాత మెకింతాష్‌ల 400, 800 కిలోబైట్ల డిస్కుల మీద బిట్లను రాసిన పద్ధతే వేరు, అంచుకూ మధ్యకూ డిస్కు తిరిగే వేగమూ మారేది. అమిగా కంప్యూటర్ల 880 కిలోబైట్ల డిస్కుల్లో సెక్టర్ల హద్దులు పీసీ కంట్రోలరు గుర్తుపట్టే తీరులో ఉండవు. ఇక్కడ అడ్డు లినక్స్ కాదు, పీసీ ఫ్లాపీ కంట్రోలరే. గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్ వంటి చిన్న బోర్డులు ఆ కంట్రోలరును పక్కనపెట్టి, మామూలు ఫ్లాపీ డ్రైవును నేరుగా నడిపి, అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో ఆ సమయాలను నమోదు చేస్తాయి. వాటి నుంచి సెక్టర్లను తిరిగి కూర్చే పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

చదవడానికి ముందే నకలు

పాత డిస్కుల్ని భద్రపరిచేవారు మొదట ఫైళ్లు తెరవరు, డిస్కు మొత్తాన్ని సెక్టరు వెంట సెక్టరుగా ఒక్క ఫైలులోకి తీసుకుంటారు. దాన్ని ఇమేజ్ అంటారు. 14,74,560 బైట్ల ఆ ఫైలును తరువాత లూప్ అనే ఏర్పాటుతో డిస్కులాగే మౌంట్ చేయవచ్చు, ఎమ్‌టూల్స్‌తోనూ చూడవచ్చు. అసలు ఫ్లాపీ ఒక్కసారే తిరుగుతుంది, ప్రయోగాలన్నీ నకలు మీద జరుగుతాయి. 160 ముఖ వలయాలకు ఒక్కో చుట్టు చొప్పున 32 సెకన్లు, హెడ్ కదిలే సమయం కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు పట్టేది అంతే.

నకలు తీసే పాత ఉపకరణం డీడీ. అది లోపం తగిలితే మామూలుగా ఆగిపోతుంది. ఆగకుండా ముందుకు వెళ్లమనీ, చదవలేని చోట సున్నాలు నింపమనీ చెప్పవచ్చు, కానీ ఒక్కసారికి ఎంత చదవాలన్న కొలత ఇక్కడ కీలకం. ఆ కొలత 512 బైట్లు ఉంటే చెడిన సెక్టరు చుట్టుపక్కల మాత్రమే నష్టం. తొందర కోసం ఒక మెగాబైటు పెడితే, డిస్కు మొత్తం ఒకటిన్నర మెగాబైట్ల లోపే కాబట్టి, ఒక్క సెక్టరు కోసం మూడింట రెండు వంతుల డిస్కు సున్నాలయ్యే ప్రమాదం ఉంది. డీడీరెస్క్యూ ఇందుకోసమే పుట్టిన ఉపకరణం. బాగున్నవాటినన్నిటినీ ముందు తీసుకుని, చెడిన చోట్లను ఒక పటంలో రాసుకుని, చివర వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. ఆ పటం భద్రంగా ఉంటే అదే డిస్కును మరో డ్రైవులో పెట్టి మిగిలినవాటికి మాత్రమే ప్రయత్నించవచ్చు. హెడ్ అమరికలో డ్రైవుకూ డ్రైవుకూ స్వల్ప తేడా ఉంటుంది కాబట్టి ఒకటి చదవలేనిది మరొకటి చదవడం నిజంగానే జరుగుతుంది.

ఆ పటంలో సున్నా నుంచి లెక్కించిన 5వ సెక్టరు చెడిందని వచ్చిందనుకుందాం. అది ఫ్యాట్ పట్టిక మొదటి ప్రతిలో పడింది, రెండో ప్రతి 10 నుంచి 18 వరకు ఉంది కాబట్టి సమాచారం దొరుకుతుంది. 20వ సెక్టరు చెడితే అది రూట్ డైరెక్టరీ, దానికి నకలు లేదు. అక్కడ పట్టే 16 పేర్లు పోయినట్టే, ఫైళ్ల ఒంట్లో ఉన్నది మాత్రం ఫైల్ రికవరీ ఉపకరణాలతో వెతికి తీయవలసి ఉంటుంది. 1,500వ సెక్టరు చెడితే ఏదో ఒక ఫైలులో 512 బైట్ల చిల్లు పడుతుంది. అది సాదా అక్షరాల ఫైలైతే నాలుగైదు వాక్యాల నష్టంతో పోతుంది, కుదించిన జిప్ ఫైలైతే అందులోని ఒక ఫైలు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు.

కెర్నల్‌లో ఈ భాగం ఇంకా ఉండాలా

మదర్‌బోర్డు ఫ్లాపీ మాడ్యూలు మీద లినక్స్ తయారీదారుల్లోనే చర్చ ఉంది. 2019 జులైలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దాన్ని దిక్కులేనిదిగా, అంటే బాధ్యులు లేనిదిగా నమోదు చేశారు. అప్పటిదాకా చూసుకున్న ఇరీ కోసినా దగ్గర పనిచేసే డ్రైవు మిగలలేదు. దొరికే ఫ్లాపీ డ్రైవులు చాలావరకు యూఎస్‌బీవే, వాటికి ఈ మాడ్యూలుతో పని లేదు. దిక్కులేనిదన్న మాటను కొన్ని వార్తలు తీసేశారన్నట్టుగా రాయడంతో గందరగోళం పెరిగింది. తీసెయ్యలేదు. ఆ తర్వాత డెనిస్ యెఫ్రెమోవ్ దాని బాధ్యత తీసుకున్నారు.

తీసెయ్యాలనేవారి వాదన భద్రత గురించి. నిజమైన డ్రైవు మీద పరీక్షించేవారు లేని కోడులో లోపాలు దాగి ఉంటాయి, అదే 2019లో ఈ మాడ్యూలులో హద్దు దాటి మెమరీ చదివే లోపం ఒకటి, సున్నాతో భాగించే లోపం ఒకటి బయటపడ్డాయి, సరిదిద్దారు. 2015లో వెనమ్ పేరుతో తెలిసిన లోపం కెర్నల్‌లోది కాదు, వర్చువల్ యంత్రాలు నడిపే క్యూఈఎమ్‌యూలోని నకిలీ ఫ్లాపీ కంట్రోలరుది. ఎవరూ వాడని ఫ్లాపీ కోడు ద్వారా అతిథి యంత్రం నుంచి అసలు యంత్రంలోకి చొరబడే వీలుందని అది చూపించింది. ఉంచాలనేవారు ఆ వర్చువల్ యంత్రాలనే తమ పక్షాన చూపుతారు, ఎందుకంటే అక్కడ నకిలీ ఫ్లాపీలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. యూఎస్‌బీ డ్రైవులు మామూలుగా మూడున్నర అంగుళాలవే కాబట్టి, అయిదుంపావు డిస్కుల పాత డ్రైవును కెర్నల్‌తో నేరుగా చదివించడానికి మదర్‌బోర్డు దారే ఉందన్నది వారి మరో వాదన. వాడని యంత్రాల్లో మాడ్యూలును ఎక్కించకుండా ఉంచి, అవసరమైనవారికి అందుబాటులో ఉంచడం అనే ఇప్పటి ఏర్పాటు రెండు భయాలకూ సమాధానం ఇస్తోందని నాకు అనిపిస్తుంది.

ఫైలు తెరుచుకుంది, తెలుగు కనబడలేదు

ఇన్ని పొరలు దాటి ఫైలు చేతికొచ్చాక, తెర మీద అర్థంకాని ఇంగ్లీషు గుర్తుల వరసలు కనబడటం తెలుగు డిస్కుల విషయంలో మామూలు. డిస్కు పాడవడం వల్ల అలా జరిగిందని చాలామంది వాటిని పారేస్తారు, అది తొందరపాటు. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేతమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మన డీటీపీ సెంటర్లు ఆ తర్వాత చాలా ఏళ్లు అను, శ్రీలిపి వంటి సొంత ఫాంట్లతోనే పనిచేశాయి. వాటిలో దాచినది అక్షరం కాదు, అక్షరపు ముక్కల రూపాలు. ఇంగ్లీషు అక్షరానికో గుర్తుకో కేటాయించిన సంఖ్య దగ్గర ఒక తలకట్టో, ఒక గుడో, ఒక ఒత్తో బొమ్మగా పెట్టారు. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు, లేనిచోట అర్థంలేని గుర్తులు. ఫైలులో ఒక్క బైటు కూడా చెడలేదు.

ఇస్కీ పద్ధతిలో దాచిన ఫైళ్లు దీనికి భిన్నం. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీలో సంఖ్య నిలిచేది ధ్వనికి. 179 అంటే క, అది తెలుగు లిపిలో చూపితే తెలుగు క, దేవనాగరిలో చూపితే దేవనాగరి క. ఇలాంటి ఫైలులో 161కి పైనున్న సంఖ్యలే ఎక్కువగా కనబడతాయి, ఇంగ్లీషు మాటలుంటే అవి మామూలుగానే ఉంటాయి. ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ ఆదేశానికి ఇస్కీ తెలుసు, దాన్ని నేరుగా యూనికోడ్‌లోకి మార్చగలదు. ఫాంట్ ఆధారిత ఫైళ్లకు మాత్రం ఆ ఫాంటు కోసమే తయారైన మార్పిడి పట్టిక కావాలి. ముక్కల్ని తిరిగి అక్షరాలుగా కూర్చేటప్పుడు ఒత్తుల క్రమం తప్పడం సాధారణం కాబట్టి, మార్చాక ఎవరో ఒకరు కూర్చుని చదివి సరిచూడక తప్పదు.

పేజ్‌మేకర్‌లో కూర్చిన ఫైలైతే లిబ్రేఆఫీస్ తెరిచే ప్రయత్నం చేస్తుంది, అమరిక కొంత చెదిరినా అక్షరాల వరస దక్కుతుంది. ఆ అక్షరాలు చూపడానికి కావలసిన ఫాంటు కొన్నిసార్లు అదే అట్టపెట్టెలో ఉంటుంది. కొత్త కంప్యూటరు మారినప్పుడల్లా మళ్లీ ఎక్కించుకోవడానికి ఫాంట్లకని ఒక ఫ్లాపీని విడిగా దాచుకోవడం ఆ రోజుల్లో ఉన్నదే. లైసెన్సుతో కొన్న ఆ టీటీఎఫ్ ఫాంటు ఫైలును తీసి లినక్స్‌లో మీ ఫాంట్ల డైరెక్టరీలో పెడితే, పాతికేళ్ల కిందటి సావనీరు పేజీ ఏ మార్పిడీ లేకుండానే తెలుగులో కనబడుతుంది. అందుకని పెట్టెలోంచి మొదట తీసి నకలు చేయవలసిన డిస్కు, చీటీ మీద ఫాంట్లు అని రాసి ఉన్నదే.